ఊరూ పేరూ అడగని సత్రం

ఈనాటి ప్రసంగం సత్రాల గురించీ, సెర్చ్ ఇంజన్ల గురించీ. ఈ రెంటికీ పొత్తు ఏమిటని మీరు అనుకోవచ్చు. కాస్త ఓపిక పట్టి వినమని మనవి.

తిరువళ్ళూరు నుంచి తిరుత్తణి వెళ్ళే బస్సు ఎక్కితే దారిలో కండక్టరు తమిళంలో "కనకమ్మా సత్తిరం" అని కేక వేస్తాడు. మనం కనకమ్మ సత్రం అంటాం. ఊరి పేరులోనే ఒక ఆడమనిషి పేరూ, ఆమె పేరిట ఒక సత్రమూ ఉన్నాయి. ఇది తిరుపతి దారి. ఆడికృత్తికకు కావళ్ళు భుజాన వేసుకుని తిరుత్తణి కొండకు నడిచిపోయేవాళ్ళ దారి కూడాను. బస్సులూ రైళ్ళూ రాకముందు ఈ దారిన నడిచినవాళ్ళకు పొద్దు వాలేసరికి కావలసినవి మూడే: కాస్త నీడ, ఒక చేద నీళ్ళు, పిడికెడు అన్నం. సత్రం అంటే అదే.

1830లో మద్రాసు సుప్రీం కోర్టులో దుబాసీగా ఉన్న ఏనుగుల వీరాస్వామయ్య గారు కాశీయాత్రకు బయలుదేరి, మరుసటి సంవత్సరం తిరిగి వచ్చారు. ఆయన రాసిన కాశీయాత్ర చరిత్ర 1838లో అచ్చయింది. ఈ ఊళ్ళో సత్రం ఉంది, ఈ ఊళ్ళో మంచినీళ్ళు లేవు, ఇక్కడ అంగళ్ళు ఉన్నాయి, అక్కడ దిగడానికి చోటు చాలదు అంటూ మజిలీ మజిలీకీ ఆయన రాసిపెట్టారు. ముందు నడిచినవాడు వెనక వచ్చేవాడికి దారి చూపించడం అన్నమాట. ఈ రోజు సెల్‌ఫోనులో మనం చేసే వెదుకులాటకు అది తాతగారి వంటిది.

తంజావూరు రాజు రెండవ శరభోజి తమ వంశం వారి సత్రాల గురించి 1801లో బ్రిటిష్ రెసిడెంటుకు ఒక లేఖ రాశాడు. బ్రాహ్మణుడు మొదలు పరయ వరకూ, జోగులు, జంగాలు, ఫకీర్లతో సహా దారిన వచ్చిన ప్రతి ఒక్కరికీ అన్నం పెడతామనీ, నడిరాత్రి గంట కొట్టించి ఇంకా తిననివాళ్ళు ఉంటే రమ్మని పిలిపిస్తామనీ, జబ్బుపడ్డవాళ్ళకు మందు ఇప్పిస్తామనీ అందులో ఉంది. అన్ని సత్రాలూ అంత ఉదారంగా ఉన్నాయని చెప్పను. పేరు అడగకపోయినా కులం అడిగి, పంక్తి వేరుచేసిన సత్రాలు దక్షిణ దేశంలో చాలానే ఉండేవి. అది కూడా చరిత్రే. అయినా సత్రం అనే మాటకు మన మనసులో ఉన్న అర్థం ఒకటే. వచ్చినవాడు ఎవడు, ఎందుకు వచ్చాడు, ఎక్కడికి పోతాడు అన్న ఆరా లేకుండా తలుపు తీయడం.

ప్రభుత్వాలకు ఈ పద్ధతి ఎప్పుడూ అంతగా నచ్చదు. 1867లో బ్రిటిష్ ప్రభుత్వం సరాయీల చట్టం చేసింది. సరాయి నడిపేవాడు దాన్ని నమోదు చేయించుకోవాలి. మేజిస్ట్రేటు ఉత్తరువు ఇస్తే బస చేసినవాళ్ళ వివరాలు పంపాలి. దొంగలకు భయపడి చేసిన చట్టం అది. ఆ భయం ఉత్తది కాదు. దారి దోపిడీలు నిజంగానే ఉండేవి. సత్రంలో పడుకున్న నూరు మందిలో దొంగ ఒక్కడుంటే మిగతా తొంభై తొమ్మిది మందిని ఏం చేయాలి? ఆ ప్రశ్న అప్పుడు పుట్టింది. ఇప్పటికీ దానికి సమాధానం దొరకలేదు. దాన్ని గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దాని దగ్గరికే వస్తాం.

ఇప్పుడు మా బడి విషయం ఒకటి చెబుతాను. పదో తరగతి చదివే ఒక అమ్మాయి ఒక సాయంకాలం అందరూ వెళ్ళాక స్టాఫ్ రూము గుమ్మం దగ్గర నిలబడింది. ఆ ఇంట్లో ఉన్నది ఒకే ఫోను, అది అన్నది. "టీచర్, అన్న ఫోనులో నేను ఏమన్నా వెదికితే అన్నకు తెలిసిపోతాదా?" అని అడిగింది. ఏదో ఒంటికి సంబంధించిన అనుమానం అని ముఖం చూస్తేనే అర్థమైంది. అమ్మను అడగలేదు, నన్నూ అడగలేదు. యంత్రాన్ని అడగాలనుకుంది. ఆ వయసు పిల్లలకు యంత్రమే నయమనిపిస్తుంది. అది నవ్వదు, ఇరుగుపొరుగుకు చెప్పదు అని వాళ్ళ నమ్మకం.

చరిత్ర మిగలకుండా వెదికే ప్రైవేటు కిటికీ ఒకటి ఉంటుందని నేను పెద్ద తెలిసినదానిలా చెప్పాను. ఆ రాత్రి చదువుకుంటే తెలిసింది, నేను చెప్పింది సగమే నిజమని. ఆ కిటికీ ఫోనులో మాత్రమే జాడ మిగల్చదు. అవతల ఉన్న కంపెనీకి మనం ఎప్పటిలాగానే కనిపిస్తూ ఉంటాం. గూగుల్ కంపెనీ క్రోమ్ బ్రౌజరులోని ఇన్‌కాగ్నిటో కిటికీ మీద 2020లో అమెరికాలో కొందరు వ్యాజ్యం వేశారు. ఆ కిటికీ లోపల కూడా తమ సంచారం రికార్డు అవుతోందని వాళ్ళ ఫిర్యాదు. 2024లో రాజీ కుదిరి, అలా సేకరించిన కోట్లాది రికార్డులు చెరిపివేయడానికి కంపెనీ ఒప్పుకుంది. సరే, మరుసటి రోజు నా ఫోనులోనే, మన చిరునామా అవతలివాళ్ళకు తెలియకుండా దాచే అప్లికేషను ఒకటి వేసి, అమ్మాయి చేతికిచ్చి నేను వరండాలోకి వచ్చేశాను. పది నిమిషాలు గడిచాయి. అమ్మాయి ఫోను తెచ్చి చేతికిచ్చింది. "టీచర్, అది నన్ను నువ్వు మనిషివేనా అని అడగతా ఉండాది" అంది.

తెర మీద తొమ్మిది బొమ్మలు. ఫైర్ హైడ్రెంట్ ఉన్న గళ్ళన్నీ ఎంచమని ఇంగ్లీషులో ఆజ్ఞ. ఫైర్ హైడ్రెంట్ అంటే అమెరికా వీధుల్లో మంటలార్పడానికి నీళ్ళు పట్టుకునే ఇనప గొట్టం. కనకమ్మ సత్రంలో పుట్టి, తిరుత్తణి తప్ప పట్నం ఎరుగని పిల్లకు అది ఏం తెలుస్తుంది? నేనే ప్రయత్నించాను. మొదటిసారి తప్పు అంది, రెండోసారీ తప్పు అంది. మూడోసారి గెలిస్తే ఇంకో బొమ్మల పట్టిక వచ్చింది, ఈసారి పసుపు పచ్చ బస్సులు. ఇద్దరం నవ్వుకున్నాం గాని, ఆ పిల్ల నవ్వులో నిరుత్సాహం ఉంది. ముఖానికి కొంగు కప్పుకుని సత్రానికి వస్తే, కొంగు తీస్తే గాని గంజి పోయమన్నట్టు అయింది.

ఈ ప్రశ్న ఎక్కడ పుట్టిందో చూద్దాం. యంత్రం ఆలోచించగలదా అన్న చర్చను ఇంగ్లండుకు చెందిన అలన్ ట్యూరింగ్ 1950లో ఒక పరీక్షగా మార్చాడు. అందులో న్యాయనిర్ణేత మనిషి. తెర వెనక ఉన్నది మనిషో యంత్రమో మనిషి తేల్చాలి. దాదాపు యాభై ఏళ్ళకు ఆ పరీక్ష తలకిందులైంది. 1997లో అల్టావిస్టా అనే సెర్చ్ ఇంజన్ ఉండేది, ఆ రోజుల్లో చాలా పేరున్నది. తమ సైటును జాబితాలో చేర్చమని కోరే పేజీ ఒకటి అందులో ఉండేది. దాన్ని వాడుకుని కొందరు యంత్రాల చేత వేలకు వేలు పనికిమాలిన చిరునామాలు పంపించడం మొదలుపెట్టారు. ఆండ్రీ బ్రోడర్ అనే శాస్త్రవేత్తా ఆయన సహచరులూ ఒక ఉపాయం చేశారు. వంకర టింకర అక్షరాల బొమ్మ చూపించి, అవేమిటో టైపు చేయమన్నారు. మనిషి చదవగలడు, ఆనాటి యంత్రం చదవలేదు. దాంతో ఆ చెత్త తొంభై అయిదు శాతానికి పైగా తగ్గిందని వాళ్ళు చెప్పారు. కాబట్టి ఈ గడప మొదటిసారి కట్టింది సెర్చ్ ఇంజన్ వాకిట్లోనే.

దీనికి క్యాప్చా అని పేరు పెట్టింది అమెరికాలో పిట్స్‌బర్గ్ నగరంలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం వారు. 2000 ప్రాంతంలో యాహూ కంపెనీ తమ కబుర్ల గదుల్లో యంత్రాలు దూరి ప్రకటనలు పంచుతున్నాయని మొర పెట్టుకుంటే, మాన్యుయెల్ బ్లమ్, ఆయన శిష్యుడు లూయిస్ వాన్ ఆన్, మరి ఇద్దరు కలిసి దీన్ని శాస్త్రంగా తీర్చారు. ఇక్కడ మన వైపు శ్రోతలకు ఒక మాట చెప్పకుండా ఉండలేను. ఆ విశ్వవిద్యాలయంలోని కంప్యూటర్ సైన్స్ విభాగానికి 1991 నుంచి 1999 వరకూ డీన్‌గా ఉన్నది మన రాజ్ రెడ్డి గారు, దబ్బల రాజగోపాల రెడ్డి గారు. పూర్వపు చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో పుట్టి, మద్రాసు గిండీ ఇంజనీరింగు కాలేజీలో 1958లో పట్టం పుచ్చుకుని వెళ్ళిన మనిషి. కంప్యూటర్ల లోకంలో అన్నిటికన్నా పెద్దదైన ట్యూరింగ్ అవార్డు 1994లో ఆయనకు వచ్చింది. బ్లమ్ గారికి 1995లో వచ్చింది. క్యాప్చాను రాజ్ రెడ్డి గారు చేశారని నేననడం లేదు. ఆయన చేసిన పని వేరు. అదీ వెదుకులాటకు సంబంధించినదే.

ప్రపంచంలోని పుస్తకాలన్నీ కంప్యూటరు తెర మీద ఎవరైనా ఉచితంగా చదువుకునేలా ఉండాలని ఆయన కల. మిలియన్ బుక్ ప్రాజెక్టు అని దానికి పేరు. మన దేశంలో దాని శాఖ డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా. బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్, హైదరాబాదు ట్రిపుల్ ఐటీ వంటి సంస్థలు అందులో పనిచేశాయి. 2007 నాటికి ఇండియా, చైనా మొదలైన దేశాల్లో కలిపి పదిహేను లక్షల పుస్తకాలు, ఇరవై భాషల్లో స్కాన్ అయ్యాయని ప్రకటించారు. మన పాత తెలుగు పుస్తకాలు, చెదలు తిని పోవలసినవి, వేల సంఖ్యలో అందులో బతికాయి. కాని వాటిని వెదకడం పెద్ద బాధ. తెలుగు పేర్లను ఇంగ్లీషు అక్షరాల్లో, ఎవరికి తోచినట్టు వాళ్ళు రాశారు. "చరిత్ర" అన్న మాట ఒకచోట ఒక విధంగా, ఇంకోచోట ఇంకో విధంగా ఉంటుంది. పుస్తకం ఇంట్లోనే ఉంది, బీరువాకు తాళం లేదు, అయినా చేతికి రాదు. పోనుపోను ఆ సైటే మూతపడింది. ఆ పుస్తకాల ప్రతులు చాలావరకు ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే అమెరికా గ్రంథాలయంలోకి చేరబట్టి ఈనాటికీ చదువుకోగలుగుతున్నాం. అక్కడా ఆ పాత స్పెల్లింగులే.

ఈ స్పెల్లింగు గొడవ మన సరిహద్దువాళ్ళకు మరీ ఎక్కువ. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి తాలూకా చిత్తూరు జిల్లా నుంచి విడిపోయి మద్రాసు రాష్ట్రంలో కలిసింది. అంతకుముందు కాగితాల్లో తెలుగు, ఆ తర్వాత కాగితాల్లో తమిళం. తమిళంలో కకారానికీ గకారానికీ ఒకటే అక్షరం కావడంతో మా ఊరి పేరు ఇంగ్లీషులో కొందరు కనక అని, కొందరు కనగ అని రాస్తారు. సత్రం కూడా సత్రమో, చత్రమో, సత్తిరమో అవుతుంది. ఒక్క ఊరిని పట్టుకోవడానికి నాలుగైదు రకాలుగా, వెంట వెంటనే వెదకాలి. అలా గబగబా అడిగేవాళ్ళను చూస్తే సెర్చ్ ఇంజన్లకు అనుమానం. ఇది మనిషి కాదు, యంత్రం అనుకుంటాయి. మళ్ళీ బొమ్మలు పెడతాయి. మన అక్షరాల తికమకకు మనమే రోబోలం అయ్యాం!

మళ్ళీ కథలోకి వద్దాం. లూయిస్ వాన్ ఆన్ ఒక లెక్క వేశాడు. రోజుకు ఇరవై కోట్ల క్యాప్చాలు, ఒక్కోదానికి పది సెకన్లు. అంటే రోజూ అయిదు లక్షల గంటల పైచిలుకు మనుషుల కాలం వృథా. దాన్ని మంచి పనికి మళ్ళిద్దామని 2007లో రీక్యాప్చా తెచ్చాడు. పాత పుస్తకాలను, న్యూయార్క్ టైమ్స్ పాత సంచికలను స్కాన్ చేసినప్పుడు యంత్రానికి అంతుబట్టని మాటలను తీసి మనచేత చదివించాడు. ఎంత చక్కటి ఆలోచన! 2009లో గూగుల్ కంపెనీ దాన్ని కొనేసింది. 2014 చివర్లో ఆ అక్షరాలు పోయి, నేను రోబోను కాను అని టిక్కు పెట్టే ఒక చిన్న గడి వచ్చింది. హమ్మయ్య, సులువైపోయింది అనుకున్నాం.

సులువు ఎవరికి అన్నదే అసలు విషయం. ఆ గడిలో టిక్కు పెట్టేలోగా అవతలి యంత్రం మనల్ని పరికించి చూస్తుంది. ఈ ఫోను మనకు ఇదివరకే తెలిసినదా, ఇందులో మన గుర్తులు ఉన్నాయా, ఎక్కడినుంచి వస్తోంది, వేలు ఎలా కదిలింది అని చూస్తుంది. ఎరిగున్న ముఖమైతే పొమ్మంటుంది. ఎరుగని ముఖమైతే బొమ్మల పట్టిక పెడుతుంది. 2018లో వచ్చిన పద్ధతిలో ఆ పట్టిక కూడా లేకుండా, ప్రతి మనిషికీ లోలోపల ఒక మార్కు వేస్తుంది. పరీక్ష జరిగిందనే మనకు తెలియదు. దీనివల్ల తేలింది ఏమిటంటే, తన వివరాలన్నీ ముందే అప్పగించినవాడికి తలుపు బార్లా తెరిచి ఉంటుంది. వివరాలు దాచుకున్నవాడు దొంగ అవుతాడు. పైగా ఈ కాపలా గట్టిదా అంటే అదీ లేదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం అర్వైన్ శాఖ పరిశోధకులు 2023లో వెలువరించిన అధ్యయనంలో, ఈ పరీక్షలను మనుషులకన్నా యంత్రాలే వేగంగా, తప్పుల్లేకుండా రాస్తున్నాయని తేలింది. దొంగకు తాళం తెలుసు, ఇంటివాడు వీధిలో ఉన్నాడు.

దాచుకునే పనిముట్ల కథ కూడా చెప్పాలి. అన్నిటిలో పేరుపడ్డది టార్. ఉల్లిపాయ పొరల మాదిరి పనిచేస్తుందని దానికి ఉల్లి గుర్తు. మన ఉత్తరం మూడు మజిలీల మీదుగా పోతుంది. ప్రతి మజిలీకీ ముందరి మజిలీ, తర్వాతి మజిలీ తప్ప మొత్తం దారి తెలియదు. చివరి మజిలీ నుంచి బయటికి వచ్చేసరికి, అవతలివాళ్ళకు ఆ మజిలీ చిరునామాయే కనిపిస్తుంది గాని మన చిరునామా కాదు. 1990ల్లో దీని పునాది వేసింది అమెరికా నౌకాదళ పరిశోధనశాల అంటే మీకు ఆశ్చర్యం కలగవచ్చు. 2002లో అది జనం చేతికి వచ్చింది. దాన్ని పత్రికలవాళ్ళు, తమ దేశంలో నోరు మెదపలేనివాళ్ళు, ఇంట్లో హింస పడే ఆడవాళ్ళు వాడతారు. దొంగలూ వాడతారు.

ఇదుగో, సత్రం ప్రశ్న మళ్ళీ వచ్చింది. ఒకే వాకిలి, లోపల వేలమంది. అందులో పది మంది అల్లరిమూక అయితే వాకిలి పేరే చెడిపోతుంది. 2016 మార్చిలో క్లౌడ్‌ఫ్లేర్ అనే కంపెనీ అధిపతి, టార్ నుంచి తమ దగ్గరికి వచ్చే విన్నపాల్లో 94 శాతం చెడ్డవేనని రాశాడు. లక్షల సైట్లకు కాపలా కాసే కంపెనీ అది. ఆ లెక్క కట్టిన తీరు సరికాదని టార్ వాళ్ళు ఎదురు వాదించారు. లెక్క ఎవరిదైనా, కష్టపడింది మాత్రం మామూలు మనిషి. కాపలాదారుల బాధ నేను కొట్టిపారేయను. ఒక్క సైటు నడిపిచూస్తే తెలుస్తుంది, యంత్రాల దాడి ఎలా ఉంటుందో. తర్వాత 2017లో ఆ కంపెనీయే కొందరు పరిశోధకులతో కలిసి ప్రైవసీ పాస్ అనే ఉపాయం తెచ్చింది. ఒకసారి పరీక్ష నెగ్గితే పేరు లేని చీటీలు కొన్ని ఇస్తారు, తర్వాతి వాకిళ్ళలో అవి చూపించవచ్చు. గుళ్ళో ప్రసాదం చీటీ లాంటిది. చీటీ మీద మన పేరు ఉండదు.

ఇదంతా టార్ వాడే కొద్దిమంది తిప్పలు, మనకెందుకులే అనుకోకండి. మన దేశంలో సెల్‌ఫోను కంపెనీలు చిరునామాలు చాలక, ఒకే చిరునామా వెనక వందలు, వేలమంది చందాదారులను ఉంచుతాయి. మీరు ఏదీ దాచుకోకపోయినా సత్రంలోనే ఉన్నారు. పక్క మంచం మీదివాడు చేసిన పనికి మీకు బొమ్మల పట్టిక వస్తుంది.

అసలు దాచుకోవలసిన అవసరం ఏముంది, తప్పు చేయనివాడికి భయమెందుకు అనే పెద్దమనుషులున్నారు. వాళ్ళకు 2006 ఆగస్టు నాటి సంగతి చెప్పాలి. అమెరికాలో ఏఓఎల్ కంపెనీ, దాదాపు ఆరున్నర లక్షల మంది మూడు నెలలపాటు వెదికిన మాటలను పరిశోధకులకోసం అని బయట పెట్టింది. పేర్లు తీసేసి అంకెలు పెట్టామని ధీమా. కొద్ది రోజుల్లోనే ఒక అంకె వెనక ఉన్న వృద్ధురాలిని విలేకరులు ఆమె ఇంటికే వెళ్ళి పట్టుకున్నారు. ఆమె ఏ జబ్బుల గురించి వెదికిందో, ఏ కుక్క గురించి వెదికిందో, ఏ చుట్టాల పేర్లు వెదికిందో అన్నీ అందులో ఉన్నాయి. ఆమె చేసిన తప్పేమీ లేదు.

దాస్తామన్నవాళ్ళనూ గుడ్డిగా నమ్మనక్కరలేదు. జాడ తీయమని చెప్పుకునే, 2008లో మొదలైన డక్‌డక్‌గో సెర్చ్ ఇంజన్ మంచి పేరే తెచ్చుకుంది. 2020 జులై మొదట్లో కొన్ని రోజులు మన దేశంలో చాలామందికి అది తెరుచుకోలేదు. 2022 మేలో ఒక పరిశోధకుడు వాళ్ళ బ్రౌజరులో మైక్రోసాఫ్ట్ జాడ తీసే సాధనాలకు సందు వదిలారని బయటపెట్టాడు. ఒప్పందం కారణంగా అలా చేశామని కంపెనీ ఒప్పుకుని, ఆగస్టులో చాలావరకు సరిదిద్దింది. అదే ఏడు ఏప్రిల్ 28న మన కేంద్ర ప్రభుత్వపు సెర్ట్ ఇన్ సంస్థ, చిరునామా దాచే విపిఎన్ కంపెనీలు ఖాతాదారుల పేర్లు, చిరునామాలు అయిదేళ్ళు భద్రపరచాలని ఆదేశించింది. సరాయీల చట్టం మళ్ళీ గుర్తుకు రాలేదూ? ఎక్స్‌ప్రెస్ విపిఎన్, సర్ఫ్‌షార్క్, నార్డ్ విపిఎన్ కంపెనీలు ఇక్కడున్న తమ సర్వర్లు తీసేసుకున్నాయి.

ఈ విషయంలో మన తెలుగువాళ్ళు గర్వంగా చెప్పుకోదగ్గ మనిషి కోకా సుబ్బారావు గారు. రాజమండ్రిలో 1902లో పుట్టి, మద్రాసులో వకీలుగా పేరు తెచ్చుకుని, 1954లో గుంటూరులో మొదలైన ఆంధ్ర హైకోర్టుకు తొలి ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. తర్వాత సుప్రీం కోర్టుకు వెళ్ళారు. 1962లో అక్కడికి ఖరక్ సింగ్ కేసు వచ్చింది. ఉత్తరప్రదేశ్‌కు చెందిన ఖరక్ సింగ్ మీద 1941లో దోపిడీ నేరం మోపి, సాక్ష్యం లేక వదిలేశారు. వదిలేశారే గాని పోలీసులు అతని పేరిట చిట్టా తెరిచి, నడిరాత్రి తలుపు తట్టడం, ఎక్కడికి పోతున్నాడో రాసుకోవడం మొదలుపెట్టారు. ఆ ఏడాది డిసెంబరు 18న తీర్పు వచ్చింది. నడిరాత్రి ఇంటికి రావడం చెల్లదు, మిగతా నిఘా చెల్లుతుంది, ఏకాంతం అన్నది రాజ్యాంగం హామీ ఇచ్చిన హక్కు కాదు అని ఎక్కువమంది న్యాయమూర్తులు అన్నారు. సుబ్బారావు గారు ఒప్పుకోలేదు. షా గారు ఆయనతో కలిశారు. నిఘా మొత్తం చెల్లదని సుబ్బారావు గారి వాదన. కాళ్ళకు సంకెళ్ళు లేనంత మాత్రాన మనిషి స్వేచ్ఛగా తిరుగుతున్నట్టు కాదు. ఎవరో వెంట ఉన్నారని తెలిస్తే అతని నడకే మారిపోతుంది, మనసు ముడుచుకుపోతుంది. అదీ ఆయన చెప్పినదాని సారం.

ఆ మాట యాభై నాలుగేళ్ళకు పైగా మైనారిటీ తీర్పుగానే ఉండిపోయింది. మధ్యలో 1994 అక్టోబరులో, తెలుగువారే అయిన జస్టిస్ జీవన్ రెడ్డి గారు, తమిళ పత్రిక నక్కీరన్ కేసులో, మనిషిని తన మానాన తనను ఉండనివ్వడం కూడా జీవించే హక్కులో భాగమేనని తీర్పు రాశారు. చివరికి 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా ఏకాంతం ప్రాథమిక హక్కేనని ప్రకటించారు. కర్ణాటక హైకోర్టులో న్యాయమూర్తిగా పనిచేసి రిటైరైన పుట్టస్వామి గారు ఆధార్ మీద వేసిన పిటిషన్‌లో వచ్చిన తీర్పు అది. సుబ్బారావు గారు ఒకనాడు ఒప్పుకోనన్నదే సరైనదని అందులో అన్నారు. ఆ తొమ్మిది మందిలో కృష్ణా జిల్లాకు చెందిన చలమేశ్వర్ గారు ఉన్నారు. 2023లో ఆంధ్రప్రదేశ్ గవర్నరుగా వచ్చిన అబ్దుల్ నజీర్ గారూ ఉన్నారు. ఆ తీర్పు ప్రభుత్వాన్ని ఉద్దేశించింది. కంపెనీల కోసమని 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. అయితే దాచుకున్నవాడికి తలుపు మూయకూడదని మాత్రం ఏ చట్టంలోనూ నాకు కనబడలేదు. నీ వివరాలు నీవే, ఇవ్వకపోతే గుమ్మం బయట ఉండు అంటే ఆ హక్కు ఎవరికి అక్కరకొస్తుంది?

సుబ్బారావు గారి మాట చదివినప్పుడల్లా నాకు ఆ స్టాఫ్ రూము గుర్తుకొస్తుంది. ఆ పిల్లను ఎవరూ అడ్డుకోలేదు, బెదిరించలేదు. బొమ్మల్లో ఇనప గొట్టాలు వెదకమన్నారు, అంతే. అది చాలు, ఆమె ఫోను తిరిగి ఇచ్చేసింది.

వారం తర్వాత మా ఊరి ఆరోగ్య కేంద్రం నర్సమ్మ గారు బడికి వస్తే, ఆడపిల్లలు ఎవరైనా ఒంటరిగా మాట్లాడవచ్చు, పేరు రాయనక్కరలేదు అని చెప్పించి, సైన్సు గది తాళం ఆమెకిచ్చాను. వరసలో ఆ అమ్మాయీ వెళ్ళింది. లోపల చాలాసేపే ఉంది. బయటికి వచ్చేటప్పుడు నన్ను చూసి చిన్నగా నవ్వి, సంచి తగిలించుకుని బస్సుకు పరుగెత్తింది. ఏం వెదికావని నేను ఈనాటికీ అడగలేదు.